కోడలితో కొలంబోకి

నా కోడలిది శ్రీలంక. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే అరవవాళ్ల పిల్ల. ఖతార్‌లో నా కొడుకు పనిచేసే ఆసుపత్రిలోనే ఆమె కూడా పనిచేసేది. ఇద్దరూ ఇష్టపడ్డారు. మా ఊరు నగరికి వచ్చి, మా మగ్గాల వీధిలోనే పెళ్లి చేసుకున్నారు. సెలవు అయిపోయి కొడుకు వెళ్లిపోయాడు. ఉద్యోగం మానుకొని వచ్చిన కోడలు నా దగ్గర ఉండిపోయింది. నాకు అరవం వచ్చు, ఆమెకు తెలుగు త్వరగానే పట్టుబడింది. మా ఆయన పోయి, బడి నుంచి నేను రిటైరయ్యాక ఇంట్లో మళ్లీ రెండో గొంతు వినిపించింది ఆమెతోనే.

పెళ్లి కాగితాలు ఒక కొలిక్కి రాకపోవడంతో ఆమె మా ఇంట్లో టూరిస్టు వీసా మీద ఉండేది. మూడు నెలలకు మించి ఏకబిగిన ఉండకూడదు. గడువు తీరకముందే దేశం దాటి, తిరిగి వచ్చి, పాస్‌పోర్టులో కొత్త ముద్ర వేయించుకోవాలి. మొదటిసారి, వేవిళ్లతో ఉండి కూడా, ఒక్కతే కొలంబో వెళ్లి రెండు రోజుల్లో తిరిగొచ్చింది. రెండోసారికి ఆరో నెల నడుస్తోంది. ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. కొడుకు నన్ను ఖతార్ తీసుకుపోతానని ఎప్పుడో తీయించిన పాస్‌పోర్టు బీరువాలో ఉంది. నేనూ బయలుదేరాను.

విమానం ఎక్కడానికి డాక్టరు ఉత్తరం కావాలన్నారు. తిరుపతిలో ఆమెను చూస్తున్న డాక్టరమ్మ ఉత్తరం రాస్తూ, "మళ్లా ఎప్పుడు పోవాల?" అని అడిగింది.

నేను వేళ్ల మీద లెక్కపెట్టి, "తొమ్మిదో నెలమ్మా" అన్నాను.

"అప్పుడు నేనే కాదు, ఏ డాక్టరూ రాసియ్యడు. ఇప్పుడే ఏదో ఒకటి ఆలోచించుకోండి."

 ఫోనులో కొడుకు, "అప్పటికి కాగితాలు వచ్చేస్తాయిలేమ్మా" అన్నాడు. ఆ మాట పెళ్లైన నాటి నుంచీ అంటున్నాడు.

కొలంబోలో రైలు స్టేషను దగ్గర ఒక చిన్న లాడ్జిలో దిగాం. మర్నాడు మధ్యాహ్నానికి కోడలి తల్లి కొండల మీది నుంచి వచ్చింది. పెళ్లికి ఆమె రాలేకపోయింది. నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది, చూస్తే నాకంటే పెద్దదానిలా ఉంది. ఆకు కోసి కోసి వేళ్ల చివర్లు నల్లబడిపోయాయి. అరవంలో వియ్యపురాలిని పిలిచినట్టు నన్ను "సంబంధీ" అని పిలిచి, నా చేతులు రెండూ పట్టుకుంది. కూతురి కడుపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

సంచిలోంచి పనసకాయ కూర, కారప్పొడి తీసి బల్ల మీద పెట్టింది. అడుగున ఒక మూట ఉంది. తెరిస్తే, పాత నూలు చీరలు చింపి అంచులు కుట్టిన పొత్తిగుడ్డలు. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ. మా ఇంట్లో పుట్టబోయే బిడ్డ కోసం ఆమె అవి తెచ్చిందా, తన ఇంట్లో పుడుతుందని దాచుకుందా, నాకు అర్థం కాలేదు. కూతుర్ని పురిటికి పంపమని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. మగపెళ్లివాళ్లం, మాదే పైమాట అనుకుందేమో.

నా తొలి కాన్పుకు మా అత్త నన్ను పుట్టింటికి పంపలేదు. దీపావళి చీరల పని నెత్తి మీదుంది, మగ్గం ఆగకూడదంది. మా అమ్మ శ్రీకాళహస్తి నుంచి వచ్చి, గడప దగ్గర కూర్చొని, నన్ను చూసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత అత్తతో ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆమె చివరి రోజుల్లో చాకిరీ చేసిందీ నేనే. కానీ ఆ సాయంత్రం సంగతి మాత్రం మనసులోంచి పోలేదు.

తల్లి కిందికి టీ తేవడానికి వెళ్లినప్పుడు కోడల్ని అడిగాను. "నీకెట్లుండాది? ఈడ ఉంటావా, నాతో వస్తావా?"

ఆమె తల వంచుకొని, "మీరు ఒంటిగా ఉంటారు కదత్తా" అంది.

నేను అడిగినదానికి అది జవాబు కాదు. అయినా నాకు తెలిసిపోయింది.

కొడుక్కి ఫోను చేసి, ఆమెను తల్లి దగ్గరే ఉంచి వస్తానని చెప్పాను. వాడికి కోపం వచ్చింది. "ముద్ర ఏయించుకొచ్చేదానికి పోయి మనిషిని ఇడిసిపెట్టి వస్తావా? ఆ కొండల్లో ఆస్పత్రి యాడుండాదో తెలుసునా నీకు?"

"బిడ్డను కనేది నువ్వూ కాదు, నేనూ కాదు నాయనా. వాళ్లమ్మ ఉండాది, చూసుకుంటుంది" అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు.

మూడో రోజు నన్ను విమానాశ్రయంలో దింపడానికి తల్లీకూతుళ్లు ఇద్దరూ వచ్చారు.  వేళకు ఐరన్ మాత్రలు వేసుకోమని చెప్పి లోపలికి నడిచాను. మద్రాసులో కారు తెచ్చిన మా వీధి అబ్బాయి నా వెనక చూసి, "కోడలు యాడమ్మా?" అన్నాడు.

"వాళ్లమ్మ దగ్గర ఉండాది." అతను అద్దంలో నన్నోసారి చూసి కారు తీశాడు.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. కోడలికి ఎనిమిదో నెల నడుస్తుండగా అక్కడ వానలకు కొండచరియలు విరిగి దారి మూసుకుపోయింది. రెండు రోజులు ఫోను కలవలేదు. నేను చేసింది మంచా, చెడా అని ఆ రెండు రోజులూ అన్నం ముందు కూర్చొని ఆలోచించాను. దారి తెరిచాక ఆమెను కింద పట్నంలో చుట్టాలింటికి చేర్చారు. కాన్పు ఆపరేషన్ అయింది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టాడు. పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. అన్ని రోజులూ మా వియ్యపురాలు ఆసుపత్రి వరండాలోనే పడుకుందని కోడలు చెప్పింది. కొడుకు సెలవు పెట్టి వెళ్లి బిడ్డను చూశాడు. నాతో మాట్లాడటానికి మాత్రం నెల పట్టింది.

బిడ్డకు అయిదో నెల రాగానే కోడలు వాణ్ణి తీసుకొని మద్రాసులో దిగింది. నా మనవడికీ టూరిస్టు వీసానే. వాడు నన్ను చూసి ఏడ్చాడు. ఎత్తుకుంటే ఇంకా ఏడ్చాడు. "అమ్మమ్మ చేతిలో అలవాటత్తా, ఏమనుకోవద్దు" అంది కోడలు, నొచ్చుకుంటూ.

"ఏమనుకుంటా, ఏడవనీ" అన్నాను.

ఇప్పుడు వారానికి రెండుసార్లు నేనే చిత్తూరుకు పోయి, పెళ్లి కాగితాల కోసం ఆఫీసు మెట్లెక్కుతున్నాను. ఈసారి వీసా గడువుకు ఇంకా ఏడు వారాలున్నాయి.