ఒళ్లో టూల్ బాక్స్

1998 ఎండాకాలం. రాయపూర్ శంకర్ నగర్‌లో యంత్రాలు అమ్మి, రిపేర్లు చేసే ఒక కంపెనీలో నేను సర్వీస్ మెకానిక్‌ని. మా నాన్న రైల్వే ఉద్యోగానికి విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. దాంతో మాకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. ఊడిరాని బోల్టుని తిట్టడానికి మాత్రం రెండూ కావాలి.

స్కిడ్ స్టీర్ లోడర్ అప్పట్లో మా వైపు కొత్త. ముందు బకెట్ ఉన్న పొట్టి బండి అది. స్టీరింగ్ ఉండదు, ఒక పక్క చక్రాలు ఆపి రెండో పక్కవి నడిపితే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. బకెట్‌ని లేపేది హైడ్రాలిక్స్, అంటే ఒత్తిడితో తోసే ఆయిల్. ఆ ఆయిల్‌కి దారి తెరిచేది కరెంటుతో పనిచేసే సోలినాయిడ్ వాల్వ్. బకెట్ లేవలేదంటే జబ్బు ఆయిల్‌దా, కరెంటుదా అని తేల్చేసరికి తాతలు దిగొస్తారు.

తిల్దా దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కన్వేయర్ల కింద రాలిన సరుకు ఎత్తడానికి ఒక కాంట్రాక్టర్ ఆ బండి పెట్టాడు. దాని ఆపరేటర్ యేసుపాదం. వాళ్లది కాకినాడ వైపు. భార్య పోయాక ఫ్యాక్టరీ పక్కన గది తీసుకుని ఒక్కడే ఉంటున్నాడు. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ని.

బకెట్ సగంలో ఆగిపోతోందని కబురొస్తే వెళ్లాను. ఆయిల్ చూశాను, ఫిల్టర్ విప్పాను, గేజ్ పెట్టి ప్రెషర్ కొలిచాను. అన్నీ బాగున్నాయి. బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ వైరు కూడా సరిగ్గానే ఉన్నాయి. నేనెక్కి గతుకుల మీద నడిపినా బకెట్ బుద్ధిగా లేచింది. యేసుపాదం ఎక్కి అవే గతుకుల మీద పోనివ్వగానే గాల్లో ఆగిపోయింది.

కాంట్రాక్టర్‌కి ఒళ్లు మండింది. "మిస్త్రీ బైఠే తో చల్తీ హై, యే బైఠే తో బంద్! ఖరాబీ మషీన్ మే నహీ, ఆద్మీ మే హై" అన్నాడు. మెకానిక్ ఎక్కితే నడుస్తుంది, ఇతనెక్కితే ఆగుతుంది, చెడిపోయింది బండి కాదు, మనిషి అని. పని ఎగ్గొట్టడానికి కావాలనే ఆపుతున్నాడని ఆయన అనుమానం. ఈ వారంలో బాగుపడకపోతే వేరే ఆపరేటర్ వస్తాడని యేసుపాదం ఎదుటే చెప్పేశాడు.

"దేవుడి తోడు తమ్ముడూ, నేనేం చెయ్యలేదు. బండి నామీద నారాజ్ అయి అలిగినట్టుంది" అన్నాడు యేసుపాదం. ఆ వయసులో ఆ పని పోతే ఆయన్ని ఇంకెవరు పెట్టుకుంటారు?

ఇక మిగిలింది సీట్ స్విచ్. ఆపరేటర్ బరువుకి నొక్కుకుంటేనే కరెంటు వాల్వ్‌కి పోతుంది. సీట్లో మనిషి లేకుండా బకెట్ కదిలి ఎవరినీ నలపకూడదని ఆ ఏర్పాటు. కొత్త స్విచ్ వేశాను. నాకు పనిచేసింది, ఆయనకి మళ్లీ ఆగింది.

"ఆ రెండు వైర్లూ కలిపెయ్ తమ్ముడూ, నా నౌకరీ నిలబడుతుంది" అని బతిమాలాడు. చాలామంది చేసే పనే అది. నాకెందుకో చేతులు రాలేదు. రేపు చూద్దాం అని, సాయంత్రం కంపెనీ జీపులో రాయపూర్ మోవాలోని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను.

మా ఆవిడ సత్యవతి గుమ్మంలోనే, "ఏంటన్నయ్యా, మరీ చిక్కిపోయారు!" అంది. నాకు నవ్వొచ్చింది. గడప తొక్కిన ప్రతివాళ్లనీ ఆవిడ అదే అంటుంది. చొక్కా గుండీలు పట్టని నన్ను కూడా అంటుంది. ఆ మాటకి అర్థం రండి, అన్నం తినండి అనే.

కాసేపటికి నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఊరికే అనలేదండీ. బెల్టుకి కొత్తగా కన్నాలు పొడుచుకున్నారు, చూశారా? ఇప్పటికే రెండు చెంబులు నీళ్లు తాగారు."

చేతిలో కరెంటు కొలిచే మల్టీమీటర్ ఉన్నవాణ్ని, నాకు తట్టలేదు. గరిటె పట్టుకున్న మనిషికి తట్టింది.

తెల్లారి యేసుపాదాన్ని సీట్లో కూర్చోబెట్టి నా ఇనప టూల్ బాక్స్ ఆయన ఒళ్లో పెట్టాను. అన్ని గతుకులమీదా బకెట్ పైదాకా లేచింది. పెట్టె తీసేశాను, ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, లేచింది. ముందు ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. తర్వాత ఆయన నవ్వు ఆగింది.

"అంటే తమ్ముడూ, నేను కూర్చున్నా, ఎవరూ లేరనుకుంటోందా ఇది?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి కింద ఏదో చూస్తున్నట్టు వంగాను.

కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి, మీరన్నదే నిజం సేఠ్, ఖరాబీ ఆద్మీలోనే ఉంది, ఆయనకి ఒంట్లో బాగాలేదు అని చెప్పాను. పెట్టె పెట్టీ తీసీ చూపించాను. ఆయన వెంటనే తన జీపే ఇచ్చి యేసుపాదాన్ని ఆసుపత్రికి పంపాడు. షుగర్ బాగా ముదిరిందని తేలింది. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగుంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టర్. కోలుకుని వచ్చాక ఆ సీటు మళ్లీ ఆయనదేనని కాంట్రాక్టర్ మాటిచ్చాడు, మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ వైర్లు కలిపేసి ఉంటే నేను మెచ్చుకోలు పుచ్చుకుని ఇంటికొచ్చేవాణ్ని. యేసుపాదం నవ్వుతూనే కరిగిపోయేవాడు. ఆ తర్వాత ఏ బండి దగ్గరికి వెళ్లినా ముందు నడిపే మనిషి మొహం చూసి, తిన్నావా అని అడిగాకే బానెట్ ఎత్తుతున్నాను. కుర్ర మెకానిక్‌లు నవ్వుతారు, నవ్వనీ.

చలికాలానికి యేసుపాదం కోలుకున్నాడు. టూల్ బాక్స్ లేకుండానే బకెట్ లేపి చూపించి, ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. బుగ్గలు నిండాయి, బెల్టు పాత కన్నానికి వచ్చింది. సత్యవతి అలవాటు కొద్దీ గుమ్మంలోనే, "ఏంటన్నయ్యా, చిక్కిపోయారు!" అనేసింది.

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వకు తమ్ముడూ" అన్నాడు చెప్పులు విడుస్తూ. "మా ఆవిడ పోయాక ఆ మాట అన్న మనిషి లేదు. అననీ చెల్లెమ్మని."