పోస్ట్‌మార్టం ఎమెట్

ఒహాయో నది ఒడ్డున ఉక్కు మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్ళో కళకళలాడిన కొట్లు రెండే. ఒకటి బీరు కొట్టు, రెండోది ఎమెట్ హ్రుస్కా కార్డుల కొట్టు. మిల్లులో కొలిమి దగ్గర ఒళ్ళు కాల్చుకుని చివరికి రోడ్డున పడ్డ ఎమెట్, ఖాళీగా ఉన్న మంగలి షాపు అద్దెకు తీసుకుని పాత బేస్‌బాల్ కార్డుల బేరం పెట్టాడు. బబుల్‌గమ్ పొట్లంలో ఉచితంగా వచ్చిన ఆటగాళ్ళ బొమ్మలు వందల డాలర్లు పలుకుతున్న రోజులవి. ఊరు ఊరంతా అటకలెక్కి వెతికింది. చాలామందికి దొరికింది దుమ్మే, వాళ్ళ తల్లులు ఆ కార్డులు ఎప్పుడో చెత్తలో పారేశారు. డెబ్బై ఏళ్ళ తల్లికి ఫోన్ చేసి మరీ తిట్టిన ప్రబుద్ధులున్నారు.

ఎమెట్ కన్ను మంచిది, నోరు చెడ్డది. తెచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, బల్లమీది దీపాన్ని పక్కకు వంచి, కార్డు లోపాలన్నీ పైకి చదివేవాడు.

"మూల అరిగింది. ఇదిగో మడత. బొమ్మ ఎడమకి జరిగింది. వెనక గమ్ మరక. సైకిల్ చక్రానికి కట్టి తిప్పావా ఏం నాయనా?"

వెనకాల అందరూ పోస్ట్‌మార్టం ఎమెట్ అనేవారు. ఆ మాట అతని చెవిన పడకపోలేదు. "శవాన్ని తెచ్చి పెళ్ళికూతురనమంటే ఎలారా?" అనేవాడు. అబద్ధం చెప్పి కొనడు, అబద్ధం చెప్పి అమ్మడు. ఆ నోటికి తట్టుకోలేకే భార్య రోసెల్లా చెల్లెలింటికి వెళ్ళిపోయిందని ఊళ్ళో చెప్పుకునేవారు. అదీ అబద్ధం కాదు.

ఆ నవంబరులో వెర్నా టామ్‌చాక్ ఫోన్ చేసింది. ఆమె భర్త పీట్ ఎమెట్‌తోపాటు అదే కొలిమి దగ్గర పనిచేసినవాడు. మిల్లు పోతూ పోతూ అతని పింఛను కూడా పట్టుకుపోయింది. ఊపిరితిత్తులు చెడి మంచంలో ఉన్నాడు. ఇంట్లో హీటరు చచ్చిపోయింది, మంచు మొదలవబోతోంది.

"మా అబ్బాయి చిన్నప్పటి కార్డులున్నాయి ఎమెట్. నేను పారెయ్యలేదు," అంది వెర్నా.

కొట్టునిండా జనం. ఎమెట్ విసుగ్గా, "వాటిమీద రాతలేమన్నా ఉన్నాయా? రాతలుంటే ధర పడిపోతుంది. శుభ్రంగా ఉంటే పట్రండి," అని ఫోన్ పెట్టేశాడు.

వారం పోయాక ఆమె వచ్చింది. కోటు కింద ఒడిలో బిడ్డను దాచినట్టు చెప్పుల డబ్బా తెచ్చింది. మొదటి కార్డు చూడగానే ఎమెట్ దాన్ని దీపం కిందికి తెచ్చాడు. గొప్ప ఆటగాడి తొలి ఏడాది కార్డు. నాలుగు మూలలూ సూదుల్లా ఉన్నాయి. బొమ్మ సరిగ్గా మధ్యలో కూర్చుంది. ఇదొక్కటి చాలు, హీటరు కొత్తదే వస్తుంది. ఏళ్ళ తర్వాత ఒకరికి మంచి కబురు చెప్పబోతున్నానని అతనికి నిజంగా సంతోషం కలిగింది.

కార్డు తిరగేశాడు. కింది అంచున అట్ట నూగు లేచి ఉంది, అచ్చు వెలిసిపోయింది. ఇంకోటి తిరగేశాడు. అదీ అంతే. ఇంకోటి. అన్నీ అంతే.

"పెన్సిల్‌తో పేరు రాసుకున్నాడు, ఆటలో పిల్లలు కొట్టేస్తారని," అంది వెర్నా. "వారమంతా కూచుని రబ్బరుతో రుద్దా. మచ్చయినా కనబడదు చూడు. నువ్వు చెప్పావుగా."

ఎమెట్ దీపాన్ని పక్కకు వంచాడు. పెన్సిల్ రాతకు సగం ధర పోతుంది. రుద్దినదానికి మొత్తం పోతుంది, చెయ్యి పెట్టిన కార్డని ఎవడూ ముట్టుకోడు. అయినా అతన్ని కోసింది ధర కాదు. ఏటవాలు వెలుతురులో ఆ నూగు కింద పెన్సిల్ నొక్కిన గాట్లు కనిపిస్తున్నాయి. డెనీ టామ్‌చాక్. ఎనిమిదేళ్ళవాడి వంకర అక్షరాలు. వాడు వియత్నాం యుద్ధం నుంచి శవపెట్టెలో తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు.

"ఏంటలా చూస్తున్నావు?" అంటూ వెర్నా కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఎమెట్ దీపం తిప్పేయబోయాడు, చెయ్యి రాలేదు.

ఆమె ఆ గాట్లమీద వేలు పెట్టి పేరు చదువుకుంది. "వాడి చేతిరాత ఇంట్లో ఇంకేం లేదు. వాడు రాసిన ఉత్తరాలు వాడితోనే పూడ్చిపెట్టా, తోడుంటాయని," అంది నెమ్మదిగా. తర్వాత బల్లమీది పెన్సిల్ తీసి అతనికిచ్చింది. "ఆ గాట్లమ్మటే మళ్ళీ దిద్దు. నాకు చెయ్యి వణుకుతుంది."

కార్డులకు రంగులద్ది, మూలలు దిద్ది తెచ్చినవాళ్ళను మెడపట్టి గెంటిన మనిషి పెన్సిల్ పుచ్చుకున్నాడు. మొదటి అక్షరం దిద్దాడు. గాట్లోనే నడిపించాడు గాని, పెద్దమనిషి చెయ్యి నున్నగా నడిచింది.

"వాడి అక్షరం కాదది," అంది వెర్నా.

"వెర్నా గారూ, తప్పు నాది. ఫోన్‌లో ఒక్క నిమిషం ఆగి, రుద్దొద్దని చెప్పుంటే..."

"ఎంతొస్తుందిప్పుడు?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు. అలవాటు లేని మాట, రాలేదు. ఆమె అతని మొహంలోనే చదువుకుంది. డబ్బా మూతపెట్టి అతని వైపు తోసింది.

"పేరు లేని కార్డు ఎవరిదైనా ఒకటే. ఇవి ఇప్పుడు మావాడివి కావు. ఎంతిస్తే అంత ఇవ్వు ఎమెట్, పీట్ దగ్గు ఆగట్లేదు."