యేసేపు గాలి తీయించిన తీరు

ఆదోని జిన్నింగు మిల్లులో ఓడలో వాడిన డీజిల్ జనరేటరు ఒకటి ఉండేది. యుద్ధం అయిపోయాక మద్రాసు రేవులో పాత ఇనుము కింద అమ్ముతుంటే సావుకారు గోవిందన్న కొనుక్కొచ్చాడు. సముద్రం ముఖమైనా చూడని పెద్దకడుబూరు యేసేపు దాన్ని ఆరేళ్లు నడిపాడు. చదువు లేదు. దాని ఊపిరి వినీ వినీ పని నేర్చుకున్నవాడు.

యాభై నాలుగులో మేనేజరు బసవరాజు అతని మీద డీజిల్ దొంగతనం అంటగట్టాడు. ఖాళీ డబ్బా నెత్తిన పెట్టించి, పత్తి ఏరే నలభైమంది ఆడవాళ్ల ముందు మిల్లు చుట్టూ మూడుసార్లు తిప్పించి, గేటు బయటికి గెంటించాడు. డీజిల్ అమ్ముకుంటున్నది బసవరాజేనని యేసేపుకు తెలుసు. చెబితే వినేదెవరు? ఆదివారం ప్రార్థనలో ముందు నిలబడి పాట ఎత్తేవాడు, ఆ వారం నుంచి వెనక గోడ పక్కకు పోయాడు. ఎమ్మిగనూరు రోడ్డు మీద కంకర కొడుతూ ఆ మూడు చుట్లూ మనసులో రోజూ తిరిగాడు.

మరుసటి పత్తికాలంలో, యేసేపు బదులు ఇంజను నడపను వచ్చిన కొత్త డ్రైవరు ట్యాంకు అడుగంటేదాకా చూసుకోలేదు. గొట్టాల్లోకి గాలి దూరింది. మళ్లీ డీజిల్ నింపినా ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది. గేటు బయట పత్తిబండ్లు బారులు తీరాయి. రెండో రోజు సావుకారే మనిషిని పంపి యేసేపును పిలిపించాడు.

"గాలి తీయల్ల సావుకారీ. నేను ఈడ గొట్టం మీది మర వదులు చేసి సూస్తాంటా. ఇంగొకరు ఆ చేతిపంపు కొట్టల్ల," అన్నాడు యేసేపు.

"ఎవరినన్నా పెట్టుకోప్పా."

"ఎవరో వద్దు. మేనేజరయ్య కొట్టల్ల. లేకుంటే నేను పోతాండా."

సావుకారు బండ్ల వైపు చూశాడు. "కొట్టు బసవరాజూ. నీ చెయ్యేం అరిగిపోదులే."

బసవరాజు తెల్లపంచె ఎగదోపుకొని పంపు మీట పట్టుకున్నాడు. యేసేపు మర కాస్త వదిలాడు. మొదట బుసబుసమని నురగ, తర్వాత బుడగలు, ఇంకో ఇరవై ఊపులకు బుడగ లేని డీజిల్ సన్నటి తాడులా జారింది. గాలి పోయింది. యేసేపు మాత్రం వేలు అడ్డం పెట్టి, "ఇంకా ఉందయ్యా, కొట్టు," అన్నాడు.

పత్తి ఏరే ఆడవాళ్లు వాకిట్లో మూగారు. వాళ్లలో పెద్దది అంబమ్మ. "ఏం మేనేజరయ్యా, గానుగెద్దుకైనా గడ్డి ఏస్తారు, నీకెవరేస్తారు?" అంది. అందరూ ఘొల్లుమన్నారు.

బసవరాజు వంగి గొణిగాడు: "గాలి పోయింది కదరా?"

"డీజిల్ ఎవరు అమ్ముకున్నారో సెప్పయ్యా, అందరికీ ఇనపడేట్ల. ఇప్పుడే మర బిగిస్తా."

బసవరాజు పళ్లు బిగించి పంపు కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కినా కొట్టాడు గాని నోరు విప్పలేదు. చివరికి సావుకారు కేకలేస్తే యేసేపు మర బిగించాడు. ఇంజను అందుకుంది.

"రేపట్నుంచి పనిలోకి రాప్పా," అన్నాడు సావుకారు.

"వస్తా. గాలి పట్టినప్పుడల్లా మేనేజరయ్యే పంపు కొట్టల్ల."

సావుకారు నవ్వి సరేనన్నాడు.

ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టానికి ఒక నట్టు ఉంది. దాన్ని వెంట్రుక మందం వదులు చేస్తే చాలు, ఇంజను డీజిల్‌తో పాటు గాలినీ పీల్చుకుంటుంది. బయటికి చుక్క కారదు. ఆ సంగతి ఆ మిల్లులో ఒక్క యేసేపుకే తెలుసు.

ఆ పత్తికాలంలో ఇంజనుకు ఇంకా మూడుసార్లు గాలి పట్టింది. మూడుసార్లూ అదే మర, అదే పంపు, అదే ప్రశ్న. ఆడవాళ్లు ఏరే పత్తి వదిలేసి వచ్చి చూసేవాళ్లు.

ఆ తర్వాత మళ్లీ గాలి పట్టినప్పుడు బసవరాజు మీట ముట్టలేదు. గుడ్డ చుట్టిన చేతులు వేలాడేసుకొని సావుకారు ముందు నిలబడ్డాడు.

"డీజిల్ నేనే అమ్ముకున్నా. ఈడు దొంగ కాదు."

ఎవరూ నవ్వలేదు. యేసేపు మొలలో నుంచి పానా తీసుకొని, గొట్టం దగ్గరికి పోయి, ఆ నట్టు కడదాకా బిగించాడు. వెనక్కి తిరిగేసరికి బసవరాజు తలుపు దాకా పోయాడు.

"యాడికప్పా?"

"సెప్పినా కదరా. ఇంగేం?"

"సెప్తే నా మీద పడిన మాట పోయింది. గొట్టంలో గాలి యాడ పోయింది? రా, కొట్టు."