జపమాలలో నా వంతు

విజయవాడలోని గుణదల మాత కొండకు అమీర్‌పేట నుంచి కాలినడకన బయలుదేరాం. పంజాగుట్ట దాటుతుండగా జపమాల చెప్పే వంతు నాకు వచ్చింది. పూసకొకటి చొప్పున మాతకు చెప్పే మంగళవార్త జపం ఒకరు సగం చెబితే, మిగతా సగం అందరూ అందుకోవాలి. హాస్టల్లో ఇంకొంచెం కూర అడగడానికే నాకు గొంతు పెగలదు. ఇప్పుడు నేను ఆగితే వెనక యాభై మంది ప్రార్థన ఆగిపోతుంది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా. బస్సు హారన్‌కే భయపడ్తే విజయవాడ దాకా ఎట్లొస్తవ్?" అంది పక్కన చెప్పుల్లేకుండా నడుస్తున్న మా హాస్టల్ వీధి టైలరమ్మ.

గొంతు పెంచి నా సగం చెప్పాను. నా మాట ముగియగానే యాభై గొంతులు మిగతా సగాన్ని ఎత్తుకున్నాయి. బస్సుల చప్పుడు అందులో మునిగిపోయింది. ఇంతమంది నా గొంతు కోసం ఆగి విన్నారు! వాళ్లు ముగించేలోపే నా వేళ్లు రెండో పూసను పట్టుకున్నాయి.