తలుపు దాటని మాట

పోయిన సోమవారం పొద్దున నంద్యాల నుంచి బస్సు కండక్టరు చేత కబురొచ్చింది. మా కుట్టుపని టీచరమ్మ నిద్రలోనే పోయారట. నేను పనిచేసే కోయిలకుంట్ల బడికి సెలవు పెట్టి, తిరిగిపోయే అదే బస్సెక్కాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. కుట్టుపని నేర్పే టీచరమ్మ క్రైస్తవురాలు, ఒంటరి మనిషి. సాయంత్రం బడి వదిలాక కుట్టుగదిలో కూచునేవారు. మనసులో బరువున్న పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్తే తలుపు మూసేవారు. ఎవరేం చెప్పుకున్నారో కన్నవాళ్లు అడిగినా చెప్పేవారు కాదు.

ఒక ఆదివారం మా అమ్మ తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి నన్ను చూడటానికి వచ్చాడు. జామకాయలు చేతికిచ్చి, నవ్వుతూనే అడిగాడు.

"నీ గదిలో ఉండే పిల్ల వాళ్లన్న శనివారం శనివారం వస్తాడంట గదా. ఏ బస్సుకొస్తాడు, యాడ దిగుతాడు, కనుక్కోని చెప్పు మే. ఎవురికీ చెప్పాకు."

మామ వాళ్లకూ, అదే ఊళ్లో ఉండే ఆ ఇంటివాళ్లకూ రెండు తరాల పగ. ఆ పిల్లా నేనూ మాత్రం ఒకే కంచంలో తినేవాళ్లం.

మూడు రోజులు ఆ పిల్ల కంచంలో చెయ్యి పెట్టలేకపోయాను. నాలుగో రోజు టీచరమ్మే పిలిచారు.

"కూర్చో పాపా. నీకిష్టమైనంత చెప్పు, వద్దనుకున్న కాడ ఆపెయ్. నువ్వు చెప్పింది ఈ గది దాటదు. ఒక్కటి మాత్రం ముందే చెప్తాండా. మనిషి ప్రాణం పోయే మాటైతే నేను ఊరికే కూచోలేను. అప్పుడు గూడా ఎవురికి చెప్పబోతాండానో నీకు చెప్పే పోతా."

అంతా విన్నారు. మామను ఒక్క మాట అనలేదు. కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి, "ఆ పిల్ల తల్లికి చెప్తా. నీ పేరు రానియ్యను. పోనా?" అని అడిగారు. నేను తల ఊపేదాకా లేవలేదు.

మరుసటి రోజు ఆళ్లగడ్డ వెళ్లొచ్చారు. శనివారం ఆ అన్న రాలేదు. నంద్యాల బస్టాండు దగ్గర టీ అంగడి ముందు మా మామా, ఇంకో ముగ్గురూ పొద్దుగూకేదాకా కూచున్నారని హాస్టల్ వంటామె చెప్పింది.

టీచరమ్మ ఆ ఇంటికి పోవడం ఎవరో చూశారు. సోమవారం మామ తిన్నగా కుట్టుగదికే వచ్చాడు. నేను లోపలే గుండీలు కుడుతున్నాను.

"ఏందమ్మా, ఆళ్లగడ్డలో నీకేం పని? నీకెవురు చెప్పినారు?"

"నాతో చెప్పిన మాట నాతోనే ఉంటాదప్పా."

"ఒంటిగా ఉండేదానివి. చూసుకో."

"ఉంటాండా గదా ఇన్నేండ్లుగా."

మామ నా వైపు చూశాడు. టీచరమ్మ చూడలేదు. చూసి ఉంటే ఆయన అనుమానం రూఢి అయ్యేది.

ఆ వారమే ఆమె ఇంటి కిటికీ పగిలింది. పెరట్లో కోళ్లన్నీ చచ్చి పడి ఉన్నాయి. ఆమె ఇల్లు మారలేదు. పిల్లలు వస్తే వినడం మానలేదు.

నా స్నేహితురాలి అన్న ఈ రోజు ఇద్దరు బిడ్డల తండ్రి. మా మామా ఉన్నాడు. ఇది అచ్చయితే ఎవరి చేతనైనా చదివించుకుంటాడు. చదివించుకోనీ.

మట్టి ఇచ్చేటప్పుడు సమాధుల తోటలో నాకు తెలియని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. విడివిడిగా నిలబడ్డారు. నువ్వెందుకొచ్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు. గోడ అవతల ఎవరి మనుషులో ఇద్దరు మగవాళ్లు సైకిళ్లకు ఆనుకుని, వచ్చినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నారు. మాలో ఒక్కరూ మొహానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.