మడతటాపు కారూ, మోత మేస్త్రి కుడిచెవీ

కార్లలో పాటల సామాను బిగించడంలో మోత మేస్త్రిని మించినవాడు లేడని అందరికంటే ఎక్కువగా చెప్పేది మోత మేస్త్రే. అయినా అందులో అబద్ధం పాలు తక్కువ. ఆయన స్పీకర్లు పెట్టిన కారు వీధి మలుపు తిరక్కముందే ఇళ్ళలో గిన్నెలు గలగలమనేవి. చంటిపిల్లల్ని అప్పుడే నిద్రపుచ్చిన తల్లులు ఆయన్ని నోరారా తిట్టేవాళ్ళు. మోత మేస్త్రి అని పేరు పెట్టిందీ వాళ్ళే. ఆయన మాత్రం ఆ తిట్లను పైసా ఖర్చు లేని ప్రచారం కింద జమకట్టుకునేవాడు.

అలాంటి మేస్త్రికి కుడిచెవి వినపడటం మానేసింది. ఒక్కసారిగా కాదు. చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు రోజుకో సామాను తరలించినట్టు, ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత ఫోను మోగడం పోయింది, ఆఖరికి మనుషుల మాటలు కూడా పోయాయి.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాలుకకు రుచి తెలియని వంటవాడి చేతికూర ఎవరు తింటారు? చెవుడున్నవాడి దగ్గర స్పీకర్లు ఎవరు పెట్టించుకుంటారు? నలుగురికీ తెలిసిందంటే షెడ్డుకు తాళం పడుతుంది. ఆయన సంగతి అలా ఉంచి, అదే షెడ్డులో సీటుకవర్లు కుట్టుకు బతికే అక్క కూడా వీధిన పడుతుంది. అందుకని, ఒక్క ఎడమచెవితో రెండువైపుల పాట తూకం తెలియక, మేస్త్రి కొత్త విద్య ఒకటి పట్టాడు. పాట పెట్టి, కళ్ళు మూసుకుని, కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి తీర్పు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు అదేదో పెద్ద పనితనం అనుకుని ముచ్చటపడేవాళ్ళు.

అక్క ఆయనకంటే చాలా పెద్దది. తమ్ముడి జుట్టు నెరిసినా ‘ఒరే’ అనడం మానలేదు. ఇద్దరికీ ఒక తగాదా ఉంది. కిందటేడు ఆవిడ కిటికీ దగ్గరున్న కుట్టుమిషన్ని ఈడ్చుకొచ్చి, మేస్త్రి పనిబల్లకు ఎడంపక్క చీకటిమూలలో పెట్టుకుంది. పైన ఒక బల్బు వేలాడదీసుకుంది. ఎందుకే అంటే, “అక్కడ ఎండ కొడుతోందిరా” అంది. ఆ కిటికీలోంచి ఏ కాలంలోనూ ఎండ పడదు. పైగా ఆ మూల మేస్త్రి స్క్రూల డబ్బాలు పెట్టుకునే చోటు. అక్క తన జాగా కబ్జా చేసిందని ఆయన రోజూ సణిగేవాడు. ఆవిడ మిషను తొక్కుడు జోరు పెంచేది, అంతే.

ఇలా ఉండగా ఒకనాడు షెడ్డు ముందు ఎర్రటి స్పోర్ట్స్ కారు ఆగింది. బటన్ నొక్కితే టాపు మడతపడి వెనక్కి వెళ్ళిపోయే రకం. దిగినావిడ ఆపరేషన్ గదిలో పెద్ద నర్సుగా చేసి రిటైరైన మనిషి.

“కారులో రెండే సీట్లేంటమ్మా?” అంది అక్క.

“అందుకే కొన్నాను. నలుగురు మనవలు. సీట్లుంటే ఎక్కేస్తారు” అంది నర్సమ్మ. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. “టాపు మూస్తే పాట బానే ఉంటుంది మేస్త్రిగారూ. తెరిస్తే గాలి తినేస్తోంది. నాకు గాలీ కావాలి, పాటా కావాలి.”

“మీరు నిశ్చింతగా వెళ్ళిరండమ్మా. గాలే ఆగి మీ పాట వినాలి!” అన్నాడు మేస్త్రి.

ఆ మాట అనడానికి తేలికే. మేస్త్రి తలుపులు విప్పి, పాత స్పీకర్లు పీకి, రేకు గడగడలాడకుండా లోపల జిగురు షీట్లు అంటించి, కొత్త స్పీకర్లు బిగించాడు. ఇక మిగిలింది దుముదుము. దానికి డిక్కీలో పెద్ద బేస్ పెట్టె కావాలి. కొలతలు తీసుకుని చెక్క కోసి, వూఫర్ దించాడు. అక్క పైన నల్లగుడ్డ తొడిగింది. డిక్కీలో వేలు దూరే సందు లేకుండా పెట్టె కూర్చుంది.

అక్కకు ఒక అనుమానం వచ్చింది. “ఒరే, ఈ టాపు తెరిస్తే ఎక్కడికి పోతుందిరా?”

“వెనక్కి పోతుంది.”

“వెనక్కంటే?”

“వెనక్కంటే వెనక్కే! నువ్వు నీ గుడ్డ సంగతి చూసుకో.”

మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక పని చేసినవన్నీ కదలని టాపు కార్లే. అద్దాలు బిగించి, తలుపులు మూసి పాట పరీక్షించడం ఆయన అలవాటు. ఈ కారుకూ అదే చేశాడు. అది తెరుచుకునే కారని ఆయనకు తెలుసు, చేతులకే తెలియదు.

నర్సమ్మ కారు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు షెడ్డు పెళ్ళివారొచ్చినంత శుభ్రంగా ఉంది. మేస్త్రి పాట పెట్టాడు. తలుపు అదిరింది. అరచేతికి ఆనందం కలిగింది.

“ఇప్పుడు టాపు తెరిచి చూపిస్తాను” అంటూ పక్కసీటు తలుపులోంచి లోపలికి వంగి బటన్ నొక్కిపట్టాడు. ఎడమచెవి ముందు స్పీకరు వైపు, కుడిచెవి డిక్కీ వైపు. టాపు లేచింది, నడుము వంచింది, వయ్యారంగా వెనక్కి వాలింది. డిక్కీలో కిర్రుమంది. తర్వాత ఫెళఫెళమంది.

“ఆపండి!” అని నర్సమ్మ కేక పెట్టింది.

“ఒరే, ఆపరా!” అని అక్క అరిచింది.

మేస్త్రి చిరునవ్వుతో ఆకాశం చూస్తూ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావు అన్నాడట. మన మేస్త్రి ఆ మాత్రం కూడా అడగలేదు. చివరికి అక్క పరుగెత్తుకొచ్చి చెయ్యి లాగేసి పాట కట్టేసింది.

మడతటాపు సగంలో ఆగి, గాలికి తిరగబడ్డ గొడుగులా నిలబడింది. దాని ఇనపకమ్మీ బేస్ పెట్టె నడినెత్తిన దిగబడింది. నల్లగుడ్డ చిరిగి, చెక్క రెండుగా పగిలి, లోపలి దూది బయటికొచ్చింది. టాపుకు మాత్రం గీత కూడా పడలేదు.

నర్సమ్మ మేస్త్రికి కుడిపక్కన నిలబడి ఏదో అడిగింది. ఆయన డిక్కీలోకే చూస్తున్నాడు. మళ్ళీ అడిగింది. పలకలేదు. అప్పుడావిడ చుట్టూ తిరిగి ఎడంపక్కకి వచ్చింది.

“ఆ చెవి ఎప్పట్నుంచి వినపడటం లేదు?”

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. “ఏ చెవమ్మా? పాట గట్టిగా ఉండి...”

“పాట ఆగిపోయింది మేస్త్రిగారూ. రెండుసార్లు అడిగాను.”

ఇక దాచి లాభం లేకపోయింది. మేస్త్రి చేతులు జోడించి, ఆవిడ చెవి దగ్గరకు వంగి గుసగుసగా చెప్పాడు. “బయట అనకండమ్మా, నా పొట్ట కొట్టినట్టవుతుంది. మా అక్కక్కూడా తెలీదు.”

చెవుడున్నవాడి గుసగుస ఎంత దూరం పోతుందో ఆయనకు తెలియదు పాపం. ఎదురు కొట్టువాడు కూడా తలెత్తి చూశాడు.

“గొంతు తగ్గించరా, వీధంతా వింటోంది” అంది అక్క, పెట్టె మీద చిరిగిన గుడ్డ పీకుతూ.

నర్సమ్మ నవ్వలేదు. “మా సర్జన్‌గారికి కళ్ళజోడున్నా సూదిబెజ్జం కనపడేది కాదు. దారం నేనెక్కించి ఇచ్చేదాన్ని. ఏ ఆపరేషనూ ఆగలేదు. మీరు పని కానివ్వండి, వినడానికి ఇంకొకర్ని పెట్టుకోండి.”

ఇంకొకరంటే షెడ్డులో ఉన్నది అక్క ఒక్కతే.

మేస్త్రి ఈసారి టాపును పదేపదే తెరిచి మూసి, అది ఎక్కడ పడుకుంటుందో చూసి, డిక్కీ జోలికి పోలేదు. సీటు కింద పలచటి బేస్ పెట్టె ఒకటి దూర్చాడు. టాపు లేనప్పుడు పాట చెవి దాకా రావాలంటే స్పీకరే చెవి దగ్గర ఉండాలని, సీట్ల పైనుండే తలగడల్లో చిన్న స్పీకర్లు దాచాడు. వాటి మీద తోలు కప్పి అక్క కుట్టింది.

పరీక్షకు నర్సమ్మ బండి నడిపింది, పక్కసీట్లో అక్క కూర్చుంది. మూడో సీటు లేదు. మేస్త్రి గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు. కారు తిరిగొచ్చేసరికి అక్క జుట్టు కాకిగూడైంది, మొహం వెలిగిపోతోంది.

“పాడేవాడి గొంతు చంకల దగ్గర పట్టేస్తోందిరా. కొంచెం వదులు చెయ్యి. కింద దుముదుము కుచ్చెళ్ళు ఎక్కువైనట్టు కాళ్ళకు అడ్డం పడుతోంది.”

మేస్త్రికి ఆ కుట్టుపని భాష ఒక్క క్షణంలో అర్థమైంది. గొంతు పెంచాడు, బేస్ తగ్గించాడు. అక్క మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కింది. రెండు చక్కర్లతో అయ్యే పనికి ఆవిడ ఊరంతా తిరిగొచ్చింది.

“ఇప్పుడు ఒంటికి అతికినట్టుంది” అంది చివరికి.

నర్సమ్మ తలగడ మీద కుట్టు వేలితో తడిమి చూసింది. “ఇంత సన్నటి పని ఆ గుడ్డిబల్బు కింద చేశారా? అంత మంచి కిటికీ ఖాళీగా పెట్టుకుని?”

“కిటికీ వీడికి కుడిపక్కౌతుందమ్మా. అక్కణ్ణుంచి ఎంత పిలిచినా పలకడు” అంది అక్క, దారం కొరుకుతూ, రేపు వానొస్తుందేమో అన్నంత మామూలుగా.

మేస్త్రికి కిందటేటి నుంచీ తను సణిగిన సణుగుడంతా గుర్తొచ్చింది, సిగ్గేసింది, కళ్ళు చెమర్చాయి. స్క్రూల డబ్బా వెతుకుతున్నట్టు అటు తిరిగిపోయాడు.

మర్నాడు అక్క షెడ్డుకొచ్చేసరికి కుట్టుమిషను కిటికీ కింద ఉంది. ఇద్దరు మోసినా కదలని పనిబల్ల అవతలి గోడ పక్కకు చేరింది. అక్కడ మేస్త్రి చెమటలు కక్కుతూ, కిటికీ తనకు ఎడంపక్కకి వచ్చేలా కూర్చుని ఉన్నాడు.

“ఏంట్రా ఇది? బల్ల ఎందుకు జరిపావు?”

“అక్కడ ఎండ కొడుతోందే” అన్నాడు మేస్త్రి.