బోద కోయని ఏడు

పలమనేరు నుంచి దిగి వస్తూ బంగారుపాళ్యం దగ్గర టీ కోసం ఆగాను. హోటలు ముందున్న పందిరికి బోదగడ్డి లాంటి కప్పు వేశారు. అలవాటు చొప్పున ఒక పుల్ల తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన.

అసలు బోద నలిపితే నిమ్మతొక్క వాసన వేసేది. మా ఊరి గుట్ట మీద తొలకరికి దుబ్బులు దుబ్బులుగా లేచి, లేతగా ఉన్నన్నాళ్లు గొర్రెల నోటికంది, వినాయక చవితికి నా నడుము దాటి, కార్తీకానికి నాయన తలను మించి ఎర్రటి కంకులు వేసి, చలి తగ్గేసరికి తేనెరంగుకు ఎండేది. ఇంటికప్పుకు అప్పుడే కోయాలి. ఆలస్యమైతే పెళుసెక్కి విరిగిపోతుంది. ఆడవాళ్లు మోపులెత్తుకుని వరసగా దిగుతుంటే గుట్టే నడిచి వస్తున్నట్టుండేది. ఆ పూట అవ్వ రాగిసంగటిలోకి ఊరుబిండి నూరేది.

గంగమ్మ ఒప్పుకోనిదే ఎవరూ కొడవలి పెట్టకూడదు. విగ్రహం తల మీద పువ్వు పెడతారు. కుడిపక్క రాలితే కోయమని, ఎడమపక్క రాలితే ఆగమని. ఆ ఏడు వారం వారం ఎడమపక్కే రాలింది. వానలకు కింద మట్టి దిగి విగ్రహం ఎడమకు ఒరిగి ఉంది. పిల్లలమైన మాకు అది కనిపించేది. పెద్దవాళ్లు కళ్లు మూసుకుని మొక్కేవారు.

మా కప్పు చిల్లులు పడి ఉంది. దాని కింద ఊయలలో చెల్లెలు.

"ఇల్లు కారతా ఉండాది మామా. బోద కసువు పండిపోయినాది. ఇంగ ఎన్నాళ్లు సూసేది?" అన్నాడు నాయన పూజారితో.

"అమ్మ ఒద్దంటా ఉంటే నన్నేం జెయ్యమంటావప్పా? కొడవలి అంత దురద పెడతా ఉంటే నీ గడ్డం గీసుకో, పో."

అందరూ నవ్వినారు. నాయన కూడా.

ఎండలు ముదిరాక ఎవరి చుట్ట నిప్పో తగిలి గుట్ట అంటుకుంది. "అమ్మ సొత్తు అమ్మే తీసుకునె," అంది అవ్వ. తర్వాత మామిడికాయలు రాల్చే వాన వడగళ్లతో వచ్చింది. అమ్మ ఊయలను ఏ మూలకు మార్చినా అక్కడ నీళ్లు పడ్డాయి. చెల్లెలికి జ్వరం వచ్చింది. రొమ్ము పట్టేసి ఊపిరాడలేదు. పోయింది.

తొలకరికి మసిలోంచి బోద పచ్చగా లేస్తే ఊరు మహిమ అంది. మహిమ కాదు. బోద ప్రాణం దుబ్బు వేళ్లలో ఉంటుంది, నిప్పు అంత లోతుకు పోదు. పసిబిడ్డకు అలాంటి వేళ్లుండవు.

మరుసటేడు నాయన పువ్వు అడక్కుండానే కోశాడు. ఏమీ కాలేదు.

ఇప్పుడా గుట్ట మామిడితోట. నిప్పు చేయలేని పని జేసీబీ చేసింది, వేళ్లతో సహా. గుడికి సిమెంటు గచ్చు పోసి విగ్రహాన్ని నిటారుగా నిలిపారు. పువ్వు కుడిపక్క కూడా రాలుతోందట. కోయడానికి బోద లేదు.